కట్టుట, పెంచుట, కాపాడుట – ఒక మహానౌక కథ

(ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

75 సంవత్సరాలు నిండిన పాఠశాల ఉత్సవం జరుపుకొనే వేళ రెండు ప్రశ్నలు తప్పక వినబడతాయి. ఇంతవరకు కట్టినది ఏమిటి? ఇకమీదట పెంచవలసినది ఏమిటి? గదులు పెంచాలని, మేడ వేయాలని, కొత్త విభాగాలు తెరవాలని ఈ సభలోనే పలువురు పెద్దలు సూచించారు. అవి ఆహ్వానించదగిన సూచనలే. అయితే కట్టుట ఒక విద్య. కట్టిన దానిని పెంచుట మరొక విద్య. రెండింటినీ కలకాలం కాపాడుట వేరొక విద్య. ఈ మూడింటినీ ఒకచోట చూపగల ఉదాహరణ కావాలంటే ఓడను మించినది లేదు. ఇల్లు నేలను ఆనుకొని ఉంటుంది; గోడ కొంచెం ఒరిగినా నేల ఓర్చుకొంటుంది. నీటికి ఆ ఓర్పు లేదు. అందువలన ఓడను కట్టేవారు ప్రతి బరువునూ తూచి, అది ఉండవలసిన చోటును నిర్ణయించి మరీ కట్టవలసి ఉంటుంది.

నేటి ప్రసంగానికి విషయం ‘ఫ్రాన్స్’ అను పేరుతో పుట్టి, ‘నార్వే’ అను పేరుతో విహారనౌకగా పెరిగి, చివరకు మన దేశపు తీరాన తన ప్రయాణం ముగించిన ఒక మహానౌక. దాని నిర్మాణంలోను, విస్తరణలోను, పతనంలోను విద్యార్థులకు భౌతికశాస్త్రపు పాఠం ఉన్నది. పెద్దలకు మరొక పాఠం ఉన్నది.

ముందుగా శాస్త్రం. బండిపై ఎండుగడ్డి ఎత్తుగా వేసి తోలుకొనిపోయే రైతును పల్లెలలో అందరూ చూచియే ఉంటారు. గతుకుల బాటలో ఆ బండి పక్కకు ఒరిగితే గడ్డి మోపుల ఎత్తే దానికి ప్రమాదం తెచ్చిపెడుతుంది. అదే బరువు బండి అడుగున ఇసుక రూపంలో ఉంటే బండి చలించదు. దీనినే గురుత్వకేంద్రం ఎత్తు అని పాఠ్యపుస్తకాలు బోధిస్తాయి. ఓడ విషయంలో ఈ సూత్రం మరింత కఠినమైనది. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు నీరు దానిని తిరిగి నిలబెట్టాలంటే బరువైన యంత్రాలు, ఇంధనం, మంచినీరు అడుగున ఉండాలి. పైన ఉండే గదులు, భోజనశాలలు, నాట్యశాలలు వీలైనంత తేలికగా ఉండాలి.

ఈ సూత్రాన్ని మరచినప్పుడు ఏమవుతుందో ఫ్రెంచివారికి ఒక చేదు అనుభవం కలదు. 1935లో తొలి ప్రయాణం చేసిన వారి ‘నార్మండీ’ నౌక ఆనాటి ప్రపంచంలో అతి సుందరమైన ఓడగా పేరుపొందినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికావారు దానిని సైనికులను తరలించే ఓడగా మార్చుతుండగా 1942 ఫిబ్రవరి 9వ తేదీన న్యూయార్క్ రేవులో మంటలు చెలరేగాయి. వెల్డింగ్ పనిలో లేచిన నిప్పురవ్వలు అక్కడ పోగుపెట్టిన లైఫ్ జాకెట్లకు అంటుకొన్నాయి. మంటలార్పుటకు చిమ్మిన నీరంతా పై అంతస్తులలో నిలిచిపోయినది. ఆ నీటి బరువుకు ఓడ మెల్లగా ఒరిగి, తెల్లవారకమునుపే రేవులో పక్కకు పడిపోయినది. కాపాడుటకు పోసిన నీరే పైన చేరి దానిని పడగొట్టినది.

యుద్ధానంతరం ‘నార్మండీ’కి వారసురాలు కావాలని ఫ్రెంచి నౌకా సంస్థ కోరినది. ప్రభుత్వం ఎంతో తర్జనభర్జన పడిన తరువాత 1956లో ఒక మహానౌక నిర్మాణానికి నిర్ణయం జరిగినది. ‘నార్మండీ’ని కట్టిన సెయింట్ నజేర్ పట్టణపు రేవులోనే 1957లో దీనికి కీలు వేశారు. కీలు అనగా ఓడకు వెన్నెముక. ఇంటికి శంకుస్థాపన ఎట్టిదో ఓడకు కీలు వేయుట అట్టిది. 1960 మే 11వ తేదీన అధ్యక్షుడు షార్ల్ ద గాల్ సమక్షంలో ఆయన సతీమణి ఇవాన్ ద గాల్ చేతులమీదుగా నౌక జలప్రవేశం చేసినది. సెయింట్ నజేర్ ప్రజలకు ఆ రోజు పండుగ. లోపలి పనులు, సముద్రపరీక్షలు ముగిసి 1962 ఫిబ్రవరి 3వ తేదీన లె హావ్ర్ రేవు నుండి న్యూయార్క్‌కు తొలి ప్రయాణం ఆరంభమైనది.

ఆ నౌక పొడవు సుమారు 316 మీటర్లు. ‘క్వీన్ మేరీ 2’ సముద్రంలో దిగేవరకు, అంటే నాలుగు దశాబ్దాలకు పైగా, అంతకంటె పొడవైన ప్రయాణికుల ఓడ మరొకటి కట్టబడలేదు. సుమారు 2,000 మంది ప్రయాణికులు, వారి సేవకు దాదాపు 1,100 మంది సిబ్బంది. అడుగున 8 బాయిలర్లు, ముందొకటి వెనుకొకటిగా రెండు యంత్రశాలలు, నాలుగు ప్రొపెల్లర్లు. గంటకు 30 నాట్లకు మించిన వేగం, అనగా 55 కిలోమీటర్లకు పైగా. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఐదు రోజులలో దాటగల శక్తి. ఓడ అడుగుభాగమంతా ఉక్కు. పై కట్టడంలో అధికభాగం అల్యూమినియం. తేలికైన లోహాన్ని పైన, బరువైన లోహాన్ని కింద ఉంచిన ఆ పద్ధతిలోనే గడ్డిబండి పాఠం ఉన్నది. రెండు పొగగొట్టాలకు ఇరుపక్కల రెక్కల వంటి అమరికలు ఉండేవి. పొగ ప్రయాణికులపై పడకుండా దూరంగా పోవుటకు ఏర్పరచిన ఆ రెక్కలే చూపరులకు ఆ ఓడ ఆనవాలు అయినాయి.

కట్టినవారి నైపుణ్యంలో లోపం లేదు. లోపం కాలంలో వచ్చినది. కీలు వేసిన మరుసటి యేడే, 1958 అక్టోబరులో, జెట్ విమానాలు అట్లాంటిక్‌పై ప్రయాణికులను చేరవేయసాగాయి. ఐదు రోజుల ప్రయాణం కొద్ది గంటల పని అయిపోయినది. ‘ఫ్రాన్స్’ ఇంకా నిర్మాణశాలలో ఉండగానే దాని వృత్తికి పోటీదారు ఆకాశంలో ఎగురుచున్నాడు. అయినను జాతి గౌరవానికి చిహ్నంగా ప్రభుత్వం ఆర్థిక సహాయం చేస్తూ ఓడను నడిపించినది. శీతకాలంలో విహారయాత్రలకు, 1972లో ప్రపంచయాత్రకు కూడ పంపినది. అక్కడ మరొక చిక్కు. పనామా కాలువలోని లాకుల వెడల్పు సుమారు 33.5 మీటర్లు; ఓడ వెడల్పు అంతకంటె కొద్దిగా ఎక్కువ. జానెడు తేడా వలన ఆ మహానౌక దక్షిణ అమెరికా ఖండం కొననున్న హార్న్ అగ్రమంతా చుట్టి పోవలసి వచ్చినది. ఒక పనికై కట్టిన దానిని మరొక పనికి వాడబోయినప్పుడు ఇట్టి ఇబ్బందులు ఎదురగుట సహజం.

1973 చివర చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. 30 నాట్ల వేగం అంటే కొండంత ఇంధనం. 1974లో ఫ్రెంచి ప్రభుత్వం సహాయాన్ని నిలిపివేయ నిశ్చయించినది. ఆ యేడు సెప్టెంబరులో నౌక లె హావ్ర్ రేవు ముఖద్వారానికి చేరగానే సిబ్బంది దానిని స్వాధీనం చేసుకొని, రేవు మార్గానికి అడ్డుగా లంగరు వేశారు. ప్రయాణికులను వేరే పడవలలో ఒడ్డుకు చేర్చవలసి వచ్చినది. తమ ఉద్యోగాలను, తమ నౌకను నిలుపుకొనుటకు వారు చేసిన ఆ పోరాటం వారాల తరబడి సాగినది గాని ఫలించలేదు. ఓడను లె హావ్ర్‌లో ఒక మారుమూల ధక్కాకు కట్టివేశారు. జనం ఆ ధక్కాను ‘విస్మృతి ధక్కా’ అని పిలిచారు. దాదాపు ఐదేళ్ళు అది అక్కడ కదలక మెదలక పడి ఉన్నది. 1977లో అక్రమ్ ఒజే అను సౌదీ వ్యాపారి దానిని కొన్నాడు గాని ఆయన తలచిన పథకాలు నెరవేరలేదు.

1979లో నార్వే దేశానికి చెందిన నౌకాధిపతి క్నుట్ క్లోస్టర్ 1 కోటి 80 లక్షల డాలర్లకు ఆ ఓడను కొన్నాడు. కరీబియన్ సముద్రంలో విహారనౌకలు నడిపే సంస్థ ఆయనది. ఆనాటి విహారనౌకలు చాలవరకు చిన్నవి. 20,000 టన్నుల లోపువే ఎక్కువ. 66,000 టన్నుల ఓడను ఆ పనికి తెచ్చుట సాహసమని పలువురు తలచారు. ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి గుర్తించాలి. ప్రయాణికుల ఓడను ఇన్ని టన్నులని చెప్పినప్పుడు అది ఓడ బరువు కాదు. లోపలి ఆవరణ ఎంత విశాలమో తెలిపే కొలత అది. పాత లెక్క ప్రకారం 100 ఘనపుటడుగుల చోటును ఒక టన్నుగా గణించేవారు.

1979 ఆగస్టులో ఓడను లాగుకొనిపోయి జర్మనీలోని బ్రెమర్‌హావెన్ రేవుకు చేర్చారు. అక్కడ జరిగిన మార్పు ఇంజనీరింగ్ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. క్లోస్టర్ ఇంజనీర్లు మొదట అడిగిన ప్రశ్న ఏమి చేర్చాలి అన్నది కాదు. ఏమి తీసివేయాలి అన్నది. కరీబియన్ దీవుల నడుమ తిరిగే ఓడకు 30 నాట్ల వేగం అక్కరలేదు. అందువలన ముందరి యంత్రశాలను ఆపివేశారు. నాలుగు ప్రొపెల్లర్లలో బయటి రెండింటిని తొలగించారు. 8 బాయిలర్లలో నాలుగింటినే పనికి ఉంచారు. ఇంధన వ్యయం ఎంతో తగ్గినది. చిన్న రేవులలో సులువుగా మలుపు తిరుగుటకు ముందు వెనుకల పక్కవాటు ప్రొపెల్లర్లు అమర్చారు. చలిగాలి నుండి కాపాడుటకై అద్దాలతో మూసిన పొడవైన వసారాలను దుకాణాలు, విశ్రాంతి స్థలాలు గల వీధులుగా మార్చి, ఒకదానికి న్యూయార్క్ వీధి పేరు, రెండవదానికి పారిస్ వీధి పేరు పెట్టారు. వెనుకభాగాన ఎండ తగిలే విశాలమైన డెక్కులను విస్తరించారు.

దీవుల రేవులు ఈ మహానౌకకు చాలవు. దానికి వారు కనుగొన్న ఉపాయం ముచ్చటైనది. వందలాది మందిని ఎక్కించుకొనగల రెండు పెద్ద పడవలను కట్టించి, వాటిని ఓడ ముందుభాగాన డెక్కుపైనే మోసుకొని తిరిగే ఏర్పాటు చేశారు. ఓడ లోతైన నీటిలో లంగరు వేయగానే పడవలు దిగి ప్రయాణికులను తీరం చేర్చేవి. తల్లి చంకన పిల్లల వలె ఉన్న వాటికి ‘చిన్న నార్వే’ అను అర్థం గల పేర్లు పెట్టారు. కొన్న వెలకు ఎన్నో రెట్లు మార్పులకే ఖర్చయినది. 1980 మే నెలలో ‘నార్వే’ అను కొత్త పేరుతో ఓస్లోకు వెళ్ళి, తరువాత మయామీకి చేరి విహారయాత్రలు ఆరంభించినది. ఓడ ఏ ఊరు చేరుతుందన్న దానికన్న ఓడలోనే వారం రోజులు గడుపుట ముఖ్యమన్న భావన ఆ నౌకతో బలపడినది. తరువాత వచ్చిన భారీ విహారనౌకలన్నిటికీ అది దారి చూపినది.

ఇక విస్తరణ. కట్టిన ఓడను పెంచుటకు ముఖ్యంగా రెండు మార్గాలు కలవు. మొదటిది నడుమ పెంచుట. 1970లో ఫిన్‌లాండ్ దేశపు హెల్సింకీలో కట్టిన ‘సాంగ్ ఆఫ్ నార్వే’ అను విహారనౌకను 1978లో తిరిగి కట్టినచోటికే తీసికొనిపోయి, నడుమ రెండుగా కోసి, 26 మీటర్ల కొత్త భాగాన్ని మధ్యలో చేర్చి అతికించారు. విహారనౌకను ఈ విధంగా పొడిగించుట అదే మొదటిసారి. 18,000 టన్నులకు పైబడిన ఆ ఓడ 23,000 టన్నులది అయినది. 2005లో ‘ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ద సీస్’ అను నౌకకు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఇదే చికిత్స జరిగినది. 22 మీటర్ల కొత్త భాగాన్ని 151 గదులతో సహా ఫిన్‌లాండ్‌లో ముందుగానే తయారుచేసి సముద్రమార్గాన తెచ్చారు. డ్రై డాక్‌లో ఓడను నిలిపి, కోసి, ఒక సగాన్ని మెల్లగా జరిపి, నడుమ కొత్త భాగాన్ని చేర్చి, మిల్లీమీటర్ల తేడా కూడ రాకుండా సరిచూచి వెల్డింగ్ చేశారు. గొట్టాలు, విద్యుత్తు తీగలు అన్నీ ఒకదానికొకటి కలిపారు. ఈ పని సుమారు ఒక నెలలో పూర్తి అయినది.

ఈ పద్ధతిలో ఒక మేలు కలదు. నడుమ చేర్చిన భాగం తన బరువుతోపాటు తనను తేల్చే నీటి ఊతాన్ని కూడ వెంట తెచ్చుకొంటుంది. దానికి తన పొట్ట, తన అడుగు ఉంటాయి. కాబట్టి ఓడ నిలకడకు పెద్దగా భంగం రాదు. పొడవు పెరిగిన ఓడ నీటిని చీల్చుకొని పోవుటలో వేగం కూడ అంతగా తగ్గదు. అయితే జాగ్రత్త కూడ కావాలి. పొడవైన వెదురుబొంగును రెండు చివరల పట్టి ఎత్తితే నడుమ వంగుతుంది. నడుమ పట్టి ఎత్తితే చివరలు వాలుతాయి. అలలపై ఓడ స్థితి అంతే. అందువలన నడుమ పెంచిన ఓడకు అడుగునా పైనా అదనపు ఉక్కు వేసి వెన్ను గట్టిపరచవలసి ఉంటుంది. అతికించిన భాగం ఒక్కటే బలంగా ఉంటే చాలదు. పాత భాగాలు కూడ కొత్త భారానికి తగినట్లు బలపడాలి.

రెండవ మార్గం పైన పెంచుట. ‘నార్వే’ విషయంలో ఈ మార్గమే ఎన్నుకోబడినది. దానికి కారణం కొంత వ్యాపారం, కొంత కీర్తి. 1988లో ‘సావరిన్ ఆఫ్ ద సీస్’ అను 73,000 టన్నుల కొత్త విహారనౌక సముద్రంపైకి వచ్చినది. దానిని కట్టినది కూడ సెయింట్ నజేర్ నిర్మాణశాలయే. పుట్టినింటి చెల్లెలే అక్క స్థానాన్ని అపహరించినట్లయినది. 1990లో ‘నార్వే’ను మరల బ్రెమర్‌హావెన్‌కు పంపి, పైన రెండు కొత్త అంతస్తులు వేసి, 135 ఖరీదైన గదులు చేర్చారు. ఓడ పరిమాణం 76,000 టన్నులకు పెరిగి, అతిపెద్ద విహారనౌక అన్న బిరుదు తిరిగి లభించినది. లోతుగా నీటిలో దిగే దృఢమైన అడుగుభాగం ఉండుట వలననే ఆ పాత ఓడ ఆ రెండు అంతస్తులను మోయగలిగినది. 1957లో కీలు వేసిన శిల్పులు, కార్మికులు విహారనౌకను ఊహించలేదు. రెండు అంతస్తులను ఊహించలేదు. వారు చేసినది తమ చేతిలోని పనిని గట్టిగా చేయుట మాత్రమే. ఆ గట్టిదనం 30 ఏళ్ళ తరువాత వేరొకరికి అక్కరకు వచ్చినది. అందం మాత్రం కొంత తగ్గినదని పాత ‘ఫ్రాన్స్’ను ఎరిగినవారు బాధపడ్డారు. ఏటవాలుగా సాగిన ఆ సొగసైన రేఖపై పెట్టె పేర్చినట్లున్నదని వారి విచారం.

పైన అద్దాల గదులు మెరుస్తున్నాయి. మరి అడుగున? అడుగున 1960 ప్రాంతపు బాయిలర్లే ఉన్నాయి. బాయిలర్ అనగా అధిక పీడనంలో నీటిని ఆవిరిగా మార్చే పాత్ర. అది పదే పదే వేడెక్కి చల్లారుతూ ఉంటే లోహం అలసిపోతుంది. మనిషి అలసట విశ్రాంతితో పోతుంది. లోహపు అలసట పోదు. కంటికి కానరాని సన్నని పగుళ్ళుగా అది లోలోపల పెరుగుతూ పోతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదిమార్లు వంచితే పదకొండవమారు పుటుక్కున తెగుతుంది. తెగేదాకా తీగ మామూలుగానే కనిపిస్తుంది.

2003 మే 25వ తేదీ ఉదయం ‘నార్వే’ యాత్ర ముగించుకొని మయామీ రేవుకు చేరి ధక్కాకు కట్టబడి ఉన్నది. ప్రయాణికులు ఇంకా ఓడలోనే ఉన్నారు. అంతలో ఒక బాయిలర్ పగిలిపోయినది. సలసల కాగే నీరు, ఆవిరి యంత్రశాలను, దాని సమీపాన ఉన్న సిబ్బంది గదులను ముంచెత్తాయి. 8 మంది సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మరి కొందరు తీవ్రంగా గాయపడ్డారు. ప్రయాణికులలో ఎవరికీ హాని కలుగలేదు. పై అంతస్తులలో ఉన్నవారికి ఆ ఉదయం పెద్ద శబ్దం, పొగ. అడుగున ఉన్నవారికి మరణం.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ దుర్ఘటనను పరిశోధించి, బాయిలర్‌ను నడపుటలోను, మరమ్మతులలోను, తనిఖీలలోను జరిగిన లోపాల వలన అలసట పగుళ్ళు పెరిగి లోహం బలహీనపడినదని తేల్చినది. ఇచ్చట న్యాయంగా ఒక మాట చెప్పాలి. పైన వేసిన రెండు అంతస్తుల వలన బాయిలర్ పగులలేదు. విస్తరణ దోషం కాదు. పైన వేసిన అంతస్తును ప్రపంచమంతా చూచినది. అడుగున పెరుగుచున్న పగులును చూడవలసినవారు చూడవలసిన విధంగా చూడలేదు. దోషం అక్కడ ఉన్నది. సేవలో ఉన్న కార్మికుల ఎనిమిది కుటుంబాలు దాని వెల చెల్లించాయి.

తరువాత ఆ ఓడ మరల ప్రయాణికులతో సముద్రంపైకి పోలేదు. దానిని బ్రెమర్‌హావెన్‌కు లాగుకొనిపోయారు. 2005లో మలేషియాకు, ‘బ్లూ లేడీ’ అను మూడవ పేరుతో 2006 ఆగస్టులో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేర్చారు. సముద్రపు పోటు మిక్కిలి ఎత్తుగా వచ్చే తీరమది. పోటు వేళ ఓడను ఒడ్డుకు ఎక్కించి, ఆటు వేళ నీరు తీసిన తరువాత కార్మికులు గ్యాస్ మంటలతో కోస్తారు. నిర్మాణ కాలంలో అగ్నిరక్షణకై ఓడ గోడలలో ఆస్‌బెస్టాస్ విరివిగా వాడారు. దాని నలుసులు ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతక వ్యాధులు కలిగిస్తాయని తరువాత లోకానికి తెలిసినది. అందువలన ఈ ఓడను మన దేశంలో విప్పవచ్చునా కూడదా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 2007 సెప్టెంబరులో న్యాయస్థానం షరతులతో అనుమతించగా ఓడను ముక్కలు చేశారు.

అలంగ్ పేరు ఈ ప్రాంతానికి కొత్త కాదు. గంజాం జిల్లా పల్లెల నుండి సూరత్ మగ్గాలకు, అలంగ్ తీరానికి కూలికి పోయిన వారి సంగతులు ఇక్కడి ఇళ్ళలో తరచు వినబడేవే. సెయింట్ నజేర్ కార్మికులు నాలుగేళ్ళకు పైగా కష్టించి నిలిపిన గోడలను ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ రాష్ట్రాల కూలీలు ముక్కముక్కగా దింపారు. అట్లు కోసిన ఉక్కు మిల్లులకు చేరి ఇనుప కడ్డీలుగా మారుతుంది. ఒకనాటి రాజభవనం వంటి ఓడ ఏ ఊరి మేడలోనో స్తంభంగా, స్లాబుగా నిలిచి ఉండవచ్చును. ఓడ ముక్కు కొనను మాత్రం విడిగా కోసి భద్రపరచి, 2009లో పారిస్‌లో వేలం వేశారు. తరువాతి సంవత్సరాలలో అది లె హావ్ర్ నగరానికి తిరిగి చేరినది. విస్మృతి ధక్కా ఉన్న ఊరే ఆ ముక్కను జ్ఞాపకంగా నిలుపుకొన్నది.

సభాసదులారా, ఈ కథ నుండి పాఠశాల గ్రహింపదగిన సంగతులు మూడు కలవు.

మొదటిది, పెంచుటకు ముందు తీసివేయవలసినవి ఏవో తెలిసికొనుట. 1980లో ఆ ఓడ రెండవ జన్మ ఎత్తుటకు కారణం కొత్త హంగులు మాత్రమే కావు. అక్కరలేని వేగాన్ని వదులుకొనుట. పాఠశాలలలో కూడ ఒకప్పుడు అవసరమై, నేడు బరువుగా మిగిలిన అలవాట్లు ఉంటాయి. అర్థం తెలియక వల్లెవేయించుట, మార్కుల కోసమే నోట్సు చెప్పి రాయించుట అట్టివి. వాటిని దించకుండా కొత్త గదులు కట్టినా ప్రయాణం సాగదు.

రెండవది, కొత్తగా చేర్చినది తన ఊతాన్ని తానే వెంట తెచ్చుకోవాలి. నడుమ చేర్చిన ఓడభాగానికి తన అడుగు తనకున్నట్లు, కొత్తగా తెరిచే ప్రతి తరగతికి ఒక ఉపాధ్యాయుడు, కొన్ని పుస్తకాలు, కూర్చొనుటకు బల్లలు, త్రాగునీరు, మరుగుదొడ్డి వెంట రావాలి. ఆంగ్ల విభాగం తెరవాలని కొందరు తల్లిదండ్రులు కోరుచున్నారు. వారి కోరికలో తప్పు లేదు. పిల్లల బ్రతుకుతెరువు గురించిన ఆరాటమది. చుట్టూ మరొక భాష మాట్లాడే రాష్ట్రంలో ఉంటూ బిడ్డలకు తెలుగు చదువు చెప్పించుట ఎంత కష్టమో వారికే తెలుసు. అయితే దానికి తగిన ఉపాధ్యాయులు లేకుండా పేరు మాత్రమే చేర్చితే అది గడ్డిబండిపై మరొక మోపు. ఆంగ్లం రావాలి, ఒడియా రావాలి, వాటిని మోయుటకు కింద తెలుగు గట్టిగా ఉండాలి. సొంత భాషలో ఒక పేజీ చదివి సారాంశం చెప్పగలిగిన బిడ్డ రెండవ భాషను, మూడవ భాషను మోయగలదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ప్రతి సంస్థకు ఒక బాయిలర్ గది ఉంటుంది. సందర్శకులను అక్కడకు ఎవ్వరూ తీసికొనిపోరు. పాఠశాలలో అది ఒకటి రెండు తరగతుల గది. అక్షరాలు కలిపి చదువుట, గుణింతం తప్పులేకుండా రాయుట, కూడికలు తీసివేతలు అక్కడనే స్థిరపడాలి. పదవ తరగతి ఉత్తీర్ణతా శాతాన్ని అందరూ అడుగుతారు. రెండవ తరగతిలో ఎందరు పిల్లలు పాఠం చదువలేకపోవుచున్నారో అడిగేవారు అరుదు. వెనుక బల్లలో మౌనంగా కూర్చున్న బిడ్డ కంటికి కానరాని పగులు వంటివాడు. వాడు అల్లరి చేయడు, ఫిర్యాదు చేయడు. ఏడవ తరగతికి వచ్చి బడి మానినప్పుడు మాత్రమే వాడి సంగతి తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

కాబట్టి ఈ జూబిలీ సంవత్సరంలో పై అంతస్తుకు విరాళమిచ్చే పూర్వవిద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇచ్చే ప్రతి రూపాయితోపాటు ఏటా ఒక పూట కూడ ఇవ్వండి. ఆ పూట ఒకటి, రెండు తరగతుల గదులలో కూర్చొని ప్రతి బిడ్డచేత ఒక పేరా చదివించండి. చదువలేని వారి పేర్లు వ్రాసి ఉపాధ్యాయులకు ఇవ్వండి. మరుసటి యేడు వచ్చి ఆ పేర్లనే మొదట పిలవండి. ఉపాధ్యాయులు దానిని తమపై నిందగా భావించవలదు. బాయిలర్‌ను తనిఖీ చేయుట నావికుని అవమానించుట కాదు. అతని ప్రాణాన్ని కాపాడుట.

సెయింట్ నజేర్‌లో కీలు వేసినవారి పేర్లు చాలవరకు చరిత్రకు తెలియవు. ఈ పాఠశాలకు తొలి తాటాకు పందిరి వేసినవారిలోను అట్టివారే ఎక్కువ. వారు గట్టిగా కట్టినందువలననే నేడు పై అంతస్తు మాట అనుకొనగలుగుచున్నాము. మేడ లేవాలి, అందరూ చూచి సంతోషించాలి. ఆ మేడ ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించుటకు ముందు, కింది గదిలోని రెండవ తరగతి పిల్లలందరూ ఒకరి తరువాత ఒకరు లేచి తమ పాఠం చదివి వినిపించగలగాలి.

స్వస్తి.